పొలుసుపులి కాటు

మా మరదలిని కరిచింది కుక్క. ఒళ్లంతా గజ్జి పట్టి, వెంట్రుకలు రాలిపోయి, చర్మం పెచ్చులు పెచ్చులుగా లేచిన కుక్క. ఈ సంగతి ముందే రాసేస్తున్నాను. సాహసకథల పద్ధతి ఇది కాదని నాకు తెలుసు. ఆ కథల్లో జంతువు చివరిదాకా పొదల వెనకే ఉండాలి. ముందు ఒక అడుగుజాడ కనిపించాలి, తర్వాత ఒక కేక వినిపించాలి. నేను రాస్తున్నది కుక్కను కుక్క అనడానికి ఒక ఊరు ఊరంతా ఒప్పుకోని ఒక పూట గురించి. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

వింత జంతువుల కథలంటే నాకు చిన్నచూపు అనుకోవద్దు. వాటి మధ్యనే పెరిగాను. మా నాన్న నారాయణఖేడ్‌లో దర్జీ. మిషన్ కాంపౌండు బడిలో చదువుకుని, పాస్టరుతో వాదించి, పూజారితో వాదించి, చివరికి ఇద్దరి బట్టలూ కుట్టి బతికిన మనిషి. చీకటి పడే వేళకు ఆయన దుకాణంలో నలుగురు చేరేవారు. దేవుడున్నాడా, జాతకాలు నిజమా, విధవకు పెళ్లి చేస్తే తప్పేంటి, అన్నీ అక్కడే తేలాలి. కుట్టుమిషన్ చప్పుడు కంటే మాటల చప్పుడు ఎక్కువ. వాళ్లు లేచి వెళ్లాక నాకూ తమ్ముడికీ నాన్న ఒక సాహసకథ చదివి వినిపించేవాడు. మంచుకొండల్లో మనిషిలా నడిచే జంతువు, సరస్సు అడుగున పొడుగు మెడ పాము, ఓడలను చుట్టేసి ముంచే సముద్రపు భూతం. కథ అయిపోయాక కళ్లజోడు తీసి అడిగేవాడు.

"సరె, గిప్పుడు చెప్పుండ్రి. అది ఏం తింటది? దాని తల్లి ఏది? అది చస్తే బొక్కలు ఏడ వడ్డయి? దాని పెంట ఎవడన్న చూసిండా?"

పెంట అనే మాటకే తమ్ముడు నవ్వలేక బల్ల మీద నుంచి జారిపోయేవాడు. నాకు చదువు అంటే ఆ నాలుగు ప్రశ్నలే. పెద్దయ్యాక పత్రికల్లో బాణామతి మీద రాసినా, తాయెత్తుల మీద రాసినా, ఒంటి మీదికి దేవత వచ్చిందని ఊగిపోయేవాళ్ల మీద రాసినా, నేను అడిగింది నాన్న అడిగినవే. నీ భూతం పెంట ఎక్కడ? చూపించు.

తమ్ముడు కూడా ఆ ప్రశ్నలు బాగానే నేర్చుకున్నాడు. వాడు వాటితో చేసిన పని వేరు.

వాడిది ఇల్లరికం. మనూర్ అవతల, మంజీర నీళ్లు చేలదాకా వచ్చి ఆగే చోట మరదలి ఊరు. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఖాళీ సమయంలో ఒక ధారావాహిక మొదలుపెట్టాడు. రాయడం కాదు, గొంతుతో చెప్పి ఫోన్లలో వినిపించడం. దాని పేరు పొలుసుపులి. మంజీర మడుగుల్లో ఉంటుంది. పులి పంజాలు, మొసలి దవడ, ఒళ్లంతా అలుగుకు ఉన్నట్టు పొలుసులు. మొదటి భాగాలు విని నేనే ఫోన్ చేసి మెచ్చుకున్నాను. వాడి గొంతులో చీకటి ఉంది, తడి ఉంది, నీళ్లలో ఏదో కదిలిన చప్పుడు ఉంది. చేయి తిరిగిన కథకుడు వాడు. ఆ మాట ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను.

నాన్న ప్రశ్నలన్నిటికీ వాడు ముందే జవాబులు అమర్చి పెట్టుకున్నాడు. ఏం తింటుంది? చేపలూ మేకపిల్లలూ. తల్లి ఏది? మడుగు అడుగున రాతిగుహలో ఉంది. బొక్కలు? చచ్చిన దాన్ని ఎముకలతో సహా దాని పిల్లలే నమిలేస్తాయి. పెంట? ఒడ్డున బండల మీద ఉంటుంది, అందులో చేప పొలుసులు మెరుస్తుంటాయి. ఊరివాళ్లు వెళ్లి వెతికారు. దొరికింది. దొరకకేం చేస్తుంది! మంజీరలో నీటికుక్కలున్నాయి. అవి చేపలు తిని బండల మీద వేసే పెంట అట్లాగే ఉంటుంది. వాడికి ఆ సంగతి తెలుసు. చిన్నప్పుడు నాన్న మా ఇద్దరినీ తీసుకెళ్లి, పుల్లతో కదిపి మరీ చూపించాడు.

అయినా నాకు కోపం రాలేదు. కథకు అతుకులు కనబడకుండా కుట్టడం కథకుడి పని. కోపం వచ్చింది ప్రతి భాగానికీ ముందు వాడు చెప్పే ఒక్క వాక్యానికి: "ఇది మన మంజీర ఒడ్డున జరిగిన నిజ ఘటన."

"గా మాట ఎందుకురా?" అని అడిగాను.

"అక్కా, గది తీసేస్తె ఎవలు వింటరే?"

"నాన్న చదివితే మనం వినలేదా? అది నిజమని నాన్న ఎన్నడన్నా అన్నడా?"

"మనం ఇద్దరమే ఉంటిమి. నాకు ఊర్లకూర్లు వింటున్నయ్. నీ వ్యాసాలు ఎందరు చదువుతరో నాకు ఎరుకే గాని, ఇగ వదిలెయ్."

ఆ ఎత్తిపొడుపు నాకు తగిలింది. వదిలేశాను.

తర్వాత ఒక మంగళవారం పొద్దున మరదలు ఫోన్ చేసింది.

"వదినె, చేన్ల నన్ను ఏదో కరిచింది."

"ఏదో అంటే ఏందే? ఏం కరిచింది?"

"కుక్కనే అనుకున్న. గీళ్లందరు కాదంటున్నరు."

"చూసింది నువ్వా, వాళ్లా?"

"నేనే. కందిచేన్లకెళ్లి వచ్చి పిక్క వట్టుకున్నది. ఒంటి మీద పెచ్చులున్నయ్ వదినె, పొలుసుల లెక్కనే. నోట్లకెళ్లి సొంగ కారుతుంది. నాకేం సమజైతలేదు."

సొంగ అన్న మాట వినగానే చెప్పులేసుకున్నాను. పిచ్చికుక్క కాటుకు వెంటనే కడిగి సూది మందు వేస్తే మనిషి బతుకుతుంది. రోగం బయటపడ్డాక ఎంత పెద్ద డాక్టరైనా చేసేదేమీ దాదాపు ఉండదు. ఇది వాదించి తేల్చుకునే విషయం కాదు.

"సబ్బుతోని కడిగినవా?"

"పసుపు వెట్టిండ్రు."

"ఉన్నపళంగా బయలుదేరు. నేను నారాయణఖేడ్ దవాఖాన కాడ ఉంటా."

"ఊరు కట్టిండ్రు వదినె. పోనిస్తలేరు."

ఊరు కట్టడమంటే మా దిక్కు అందరికీ తెలిసిందే. పశువులకో మనుషులకో కీడు వచ్చిందనుకుంటే ఊరి దారులన్నిటికీ అడ్డంగా వేపమండలు దోపిన తాడు కడతారు. పొద్దుగూకాక డప్పులతో పొలిమేర తిరిగి, అన్నం చల్లి వచ్చేదాకా లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. ఆ ఊర్లో మేకపిల్లలు మాయమవుతున్నాయని తెల్లవారక ముందే తాడు కట్టారు. తాడు లోపలి చేన్లోనే మరదలిని కుక్క కరిచింది.

ఆటో మాట్లాడుకుని వెళ్లాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. ఎన్ని సభల్లో ఎంతమందితో వాదించానో! ఒక ఊరిపెద్దను ఒప్పించలేనా అనుకున్నాను.

బస్సు ఆగే షెడ్డు పక్కనే తాడు. అవతల ప్లాస్టిక్ కుర్చీలో ఊరిపెద్ద. మరదలికి సొంత చిన్నాన్న, ఆమెను ఎత్తుకుని పెంచిన మనిషి. చుట్టూ పదిమంది మగవాళ్లు. వాళ్ల వెనక నేల మీద మరదలు కూర్చుని ఉంది. కాలికి గుడ్డ చుట్టారు, గుడ్డంతా పసుపు. పక్కన తమ్ముడు, చేతిలో ఫోను. ఆమెకూ ఆటోకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు. మధ్యలో వేపాకులు ఊగుతున్నాయి.

"కాకా, తాడు లేపు. పిల్లను దవాఖానకు తీస్కపోవాలె."

"జర దూరం నిలవడు బిడ్డా. తాడు ముట్టకు."

"పోయినసారి ఊరు కట్టినప్పుడు నొప్పులు వడుతున్న ఆమెను పోనిచ్చిండ్రు గదా?"

"పోనిచ్చినం. తాడు నేనే లేపిన. నేనేమన్న రాక్షసున్నా? గది వేరు, గిది వేరు."

"ఏం వేరు?"

"గది కాన్పు. గిది పొలుసుపులి కాటు. కాటు తిన్న మనిషి పొలిమేర దాటితే నెత్తురు జాడ వట్టుకొని అది గదే దారిల ఊర్లకు వస్తది. గుట్టకాడి తండా అంతా అట్లనే పాయె గదా!"

"ఏ తండా కాకా? ఏడున్నది?"

"నన్నెందుకు అడుగుతవు? నీ తమ్మున్ని అడుగు. గాయనే చెప్పిండు."

ఆ తండా తమ్ముడి ధారావాహికలో తప్ప ఈ భూమి మీద ఎక్కడా లేదు. ఊర్లో చిక్కుకుపోయిన మనుషుల కథ నడపడానికి, వాళ్లు తప్పించుకుని పోకుండా ఉండడానికి వాడికి ఒక నియమం కావాల్సి వచ్చింది. కల్పించాడు. వినేవాళ్లకు ఊపిరాడలేదు. బ్రహ్మాండం అన్నారు.

ఊరు కట్టే ఆచారాన్ని నేను ఎన్నోసార్లు తిట్టిపోశాను, వ్యాసాలు రాశాను. అయినా ఆ ముసలి ఆచారానికి ఒక తలుపు ఉంది. ప్రాణం మీదికి వస్తే తాడు లేపే చేయి ఉంది. నా తమ్ముడు, నాన్న బల్ల మీద కూర్చుని పెరిగినవాడు, ఉత్కంఠ కోసం ఆ తలుపుకు మేకులు కొట్టాడు. మూఢనమ్మకం ఎక్కడో పాత మట్టిలో పుడుతుందని రాస్తుంటాను. ఇది సెల్‌ఫోన్ దుకాణంలో పుట్టింది.

"అక్కా, పెంట గూడ దొరికింది," అన్నాడు ఒకాయన, ఫోన్ ఎత్తి చూపిస్తూ. "గిదిగో ఫోటో. చేప పొలుసులున్నయ్, చూడు."

"అది నీటికుక్కది."

"నీటికుక్కనా? నీళ్లల్ల కుక్కలుంటయా?" అందరూ నవ్వారు. "మమ్ముల నమ్మించెటందుకు లేని జంతువులను చెప్పకక్కా!"

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఉన్న జంతువు లేనిదైంది. లేని దానికి ఊరు కట్టారు.

నాన్న నాలుగు ప్రశ్నలూ అడిగాను. ఒక్కోదానికీ ఠక్కున జవాబు చెప్పారు, తమ్ముడి మాటల్లోనే, తమ్ముడి విరుపులతోనే. నా ఆయుధాలన్నీ వాడు ముందే పట్టుకెళ్లి వాళ్ల చేతికిచ్చాడు. ఎండ ఎక్కుతోంది. మరదలు కాలి మీది గుడ్డ చుట్టూ ఈగలు.

"చెప్పరా," అన్నాను వాడితో. "నువ్వు కల్పించినవని చెప్పు."

వాడు తల దించుకున్నాడు. "అక్కా, జర పక్కకు రా."

"ఎట్ల రావాలె? నడుమ తాడుంది."

తాడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అందరి ముంగట ఎట్ల చెప్పాలె అక్కా? ఇన్నేండ్లు గీ ఊర్ల నన్ను ఇల్లరికపోడు అనే అన్నరు. గిప్పుడే మనిషి లెక్క చూస్తుండ్రు."

"నీ పెండ్లాం కాలు చూడు."

మరదలికి వినబడింది. ఆమె లేచి నిలబడి వాడి ముఖంలోకి చూసింది. "అయితే అది లేదా? నేను రోజు పక్కన కూసొని వింటి. నాకన్న చెప్పకపోతివా?"

కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు! కథ మొదట వాడు పలికే ఆ ఒక్క వాక్యాన్ని ఆమె కూడా నమ్మింది. అందుకే తన కళ్లతో చూసిన కుక్కను తనే అనుమానించింది. ఆ క్షణంలో నా తమ్ముడి చెంప పగలగొట్టాలనిపించింది. మధ్యలో తాడుంది కాబట్టి వాడు బతికిపోయాడు.

"లేదు," అన్నాడు వాడు. తర్వాత అందరి వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "పొలుసుపులి లేదు! నేనే అల్లిన. తండా లేదు, గుహ లేదు, ఏం లేదు! గది ఉత్త కథ. ఆమెను పోనియ్యుండ్రి."

ఊరిపెద్ద జాలిగా తల ఊపాడు.

"పెండ్లాం మీద పానం కొట్టుకుంటుంది. ఏ మొగోడైనా గట్లనే అంటడు."

"అక్క వచ్చి బెదిరిచ్చింది," అన్నాడు ఇంకొకడు.

"నా పిల్లల మీద ఒట్టు కాకా, అది లేనే లేదు!"

"ఒట్లు వెట్టకు అల్లుడా. అది వింటుంటది."

నా జీవితంలో అంత నిస్సహాయమైన కోపం ఎప్పుడూ రాలేదు. ఇంతకాలం నేను నమ్మింది ఒక్కటే. అబద్ధం చెప్పినవాడే లేచి అది అబద్ధమని ఒప్పుకుంటే వాదన ముగుస్తుందని. వాడు ఒప్పుకున్నాడు. ఏమీ ముగియలేదు. నేను తాడు పట్టుకుని లాగబోయాను. ఇద్దరు కర్రలు అడ్డం పెట్టారు. ఆటో అతను వెనక నుంచి, "అక్కా, వద్దు, లొల్లి అయితది," అంటున్నాడు.

అప్పుడు తమ్ముడి ముఖం మారింది. ఆ మార్పు నేను ఎరుగుదును. చిన్నప్పుడు నాన్న ప్రశ్నకు జవాబు దొరికితే అట్లాగే కళ్లు చిన్నవి చేసేవాడు. వాడు మాట్లాడాడు. ఈసారి అరవలేదు. అది ధారావాహికలో గొంతు, నిదానంగా, కింది నుంచి వచ్చే గొంతు.

"కాకా, వచ్చే భాగం ఇంకా ఎవ్వలు వినలే. చెప్పొద్దనుకున్న. తండా పోయింది కాటు తిన్న మనిషిని దాటిచ్చినందుకు కాదు. ఆల్శంగ దాటిచ్చినందుకు. కాటు తిన్నోళ్లు ఊర్లనే ఉంటె పొద్దుగూకే లోపట దాని జోడు లేస్తది. మొగది. అది తాడును చూడది, వేపాకును చూడది. నెత్తురున్న ఇంటికే వస్తది."

కర్రలు పట్టుకున్నవాళ్లు మడుగు వైపు తిరిగి చూశారు.

"ముందుగాల ఎందుకు చెప్పకపోతివి?" అన్నాడు ఊరిపెద్ద.

"ముందే చెప్తె వినెటోళ్లకు మజా ఏముంటది కాకా?"

ఊరిపెద్ద లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. తాడును తనే రెండు చేతులా పైకెత్తాడు. "జల్దీ! జల్దీ తీస్కపోండ్రి! ఏమ్రా, చూస్తరేంది, పిల్లకు చెయ్యి ఆసర ఇయ్యుండ్రి!"

ఇది కూడా అబద్ధమే అన్న మాట నా నోటి దాకా వచ్చింది. మింగేసి ఆటో ఎక్కాను. మళ్లీ అలాంటి పూట వస్తే మళ్లీ మింగుతాను. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పను. కానీ ఆ మింగిన మాట నాలో అరగలేదు. నిజం చెబితే కర్రలు అడ్డం పెట్టినవాళ్లు, అదే నోటి నుంచి ఇంకాస్త పెద్ద అబద్ధం రాగానే తాడు ఎత్తారు. ఈ పద్ధతి మీద కోపం రాకపోతే నేను ఇన్నాళ్లు పెన్ను పట్టుకుని చేసిందేమిటి?

ఆటోలో తమ్ముడు కూడా ఎక్కాడు. మనూర్ దాటేదాకా మరదలు వాడి వైపు చూడలేదు. దాటాక అడిగింది.

"గింత మంచిగ అబద్ధం అల్లుతవు. నాతోని ఎన్ని అల్లినవ్?"

"నీతోని అల్లలే."

"గిది గూడ ఏ భాగంలదో!"

వాడు నారాయణఖేడ్ వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. నేను కలగజేసుకోలేదు. నా వ్యాసాల్లో ఏ ఒక్కటీ వాడిని అంత గట్టిగా కొట్టి ఉండదు.

దవాఖానలో నర్సు పసుపు గుడ్డ చూడగానే మండిపడింది. కాలిని కుళాయి కింద పెట్టి సబ్బుతో చాలాసేపు కడిగింది. "ఏం కరిచింది?" అని అడిగింది. తమ్ముడు నోరు తెరవబోయాడు. మరదలు చెయ్యి అడ్డం పెట్టింది.

"కుక్క. గజ్జికుక్క. సొంగ కారుతుండె. నేనే చూసిన."

గాయం చుట్టూ సూదులు పొడిచారు, చేతికి పొడిచారు, మళ్లీ ఎప్పుడెప్పుడు రావాలో చెప్పారు. ఆమె ఒక్క విడత కూడా తప్పలేదు. తమ్ముడు ధారావాహిక మొదట "ఇది కల్పితం" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరో బెదిరించి అట్లా చెప్పిస్తున్నారని వినేవాళ్లు తేల్చేశారు. వినడం ఇంకా పెంచారు. ఊర్లోనేమో, పిల్లను వేళకు దాటించడం వల్లనే పొలుసుపులి పీడ పోయిందని చెప్పుకుంటున్నారు. నేను ఆ ఊరికి వెళ్లి ఇంటింటికీ తిరిగాను. ఆ కుక్క మీ పశువులను కరిచిందేమో చూసుకోండి, కరిస్తే ఆ పశువులకు దూరంగా ఉండండి అని చెప్పాను. చాయ్ తాగమన్నారు. తల ఊపారు.

ఆఖరి సూది రోజున మరదలితో పాటు నేనూ వెళ్లాను. బల్ల మీద ఒక ముసలాయన తలపాగా ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఊరిపెద్ద. మమ్మల్ని చూసి అటు తిరిగాడు.

"ఏమైంది కాకా?" మరదలు పక్కనే కూర్చుంది.

తలపాగా వెనక్కి నెట్టి చెప్పాడు. ఆయన దూడ మేత మానేసింది. నీళ్లు గుటక పడక సొంగ కారుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని, మా దిక్కు రైతులందరూ చేసినట్టే, దాని నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. మర్నాడు దూడ చచ్చింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ముందు నువ్వు దవాఖానకు పో అని తరిమాడు. చేతి మీద దూడ పళ్లు గీరిన గీతలున్నాయి.

నాకు జాలి కలిగింది. కోపం పోలేదు. రెండూ ఒకే చోట కూర్చున్నాయి. ఈ మనిషి చేతికి గీత పడితే తప్ప ఆ ఊరి నుంచి ఒక్కరు ఇక్కడిదాకా రాలేదు.

ఆయన వంతు వచ్చింది. "దూడను ఏం కరిచింది పెద్దాయనా?" అని నర్సు అడిగింది. ఆయన నన్ను చూశాడు, నేలను చూశాడు.

"చెప్పు కాకా," అంది మరదలు. "ఈడ తాడేం లేదు."

"కుక్క," అన్నాడు, గొణుగుతూ.

"ఇనవడలే. గట్టిగ చెప్పు!" అంది నర్సు.

"కుక్క! కుక్క కరిచింది!"

వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన కళ్లల్లో నీళ్లు. మరదలు తన ఆఖరి సూది పొడిపించుకుని, దూది అదుముకుంటూ లేచి, ఆయనకు చోటిచ్చింది.

"అంగీ చెయ్యి మీదికి మడువు కాకా. నీకేం పొలుసుల్లేవు, సూది మంచిగనే దిగుతది."